మూత్రం లీకేజీకి స్టిమ్యులేటర్ తయారీ: ఏం చూసుకోవాలి?

ప్రశ్న: విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో చిన్న యూనిట్ పెడదామని ఉంది. దగ్గినా తుమ్మినా మూత్రం లీకయ్యే ఆడవాళ్ల కటి కండరాలకు కరెంటిచ్చే పరికరం. సర్క్యూట్ నాకొచ్చు. ఇంకేంటి?

జవాబు: నేను ఇలాంటి బోర్డులు టెస్ట్ చేస్తుంటానండీ. సర్క్యూట్ తేలికే, తలనొప్పంతా ప్రోబ్‌తోనే, అంటే కరెంటు అందించడానికి యోనిలో పెట్టే భాగంతో. శరీరం లోపల పెట్టేది కాబట్టి దాని పదార్థం ఒంటికి హాని చేయదని తేల్చే ఐఎస్ఓ 10993 పరీక్షలు తప్పవు. పల్స్‌లో ప్లస్, మైనస్ సమానంగా లేకపోతే లోపలి పొర కాలే ప్రమాదం. ప్రోబ్ జారితే కరెంటు ఆగాలి. మళ్లీ పెడితే సున్నా నుంచే ఎక్కాలి. ఇది నేను మొదట చూస్తాను.

ఇంకో జవాబు: ఫిజియోథెరపిస్ట్‌ని. దగ్గితే వచ్చే లీకేజీకి 50 హెర్ట్జ్ దగ్గర, ఆపుకోలేని తొందరకి 10 దగ్గర వాడతాం. రెండూ పెట్టండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు వాడకూడదని తెలుగులోనే రాయండి, పెద్దక్షరాల్లో.

ప్రశ్న వేసినవారు: లైసెన్స్?

మొదటి జవాబిచ్చినవారు: 2017 వైద్య పరికరాల రూల్స్ ప్రకారం ప్రమాదం తక్కువుండే ఎ, బి క్లాసులకి తయారీ లైసెన్స్ రాష్ట్రం ఇస్తుంది, ఎక్కువుండే సి, డిలకి కేంద్రం. ముందు క్లాస్ తేల్చుకోండి.