సమస్యాపూరణం: "తప్పు వ్రాసినంత దక్కె యశము"

నిర్వాహకుడు:
వారం రోజులు సమస్య ఇవ్వలేదని ఫోన్లు చేసి మరీ తిట్టారు. ఒప్పుకుంటున్నా. అమ్మాయి దగ్గరికి టోక్యో వెళ్ళొచ్చాను. అసకుసాలో 1801లో పెట్టిన ఒక పూటకూళ్ళింటికి తీసుకెళ్ళింది. పేరు కొమకత దొజెఉ. దోజో అంటే పొలాల బురదలో, కాలవల్లో దొరికే వేలెడంత సన్నచేప. ఆ చేపనే రెండువందల ఏళ్ళ పైచిలుకుగా వండుతున్నారు.

చెప్పులు విప్పి లోపలికెళ్తే పెద్ద హాలు, అల్లిక చాపలు. కుర్చీలు లేవు. నేలమీద పొడుగాటి చెక్కలు పరిచి ఉన్నాయి, అవే బల్లలు. మన బంతిలో విస్తరి ముందు కూచున్నట్టే కూచోవాలి, మోకాళ్ళు మాత్రం ఒప్పుకోవాలి. బొగ్గుల కుంపటి, దానిమీద లోతు లేని చిన్న ఇనుప చట్టి. అందులో చేపలు అగ్గిపుల్లల్లా వరసగా పడుకుని ఉన్నాయి, తలా తోకా ముల్లూ అన్నిటితోనూ. పక్కన చెక్కపెట్టె నిండా తరిగిన ఉల్లికాడలు. గుప్పెళ్ళతో చేపల మీద గుట్టగా పోసి, గుట్ట అణిగాక మళ్ళీ పోసి, అలా తింటూనే ఉండడం. నేను గోదావరి జిల్లావాణ్ణి, ముల్లుకి జడిసే రకం కాదు. అయినా ఒక్క ముల్లూ పంటికి తగల్లేదు. బతికున్న చేపకి ముందు సాకే అనే బియ్యపు మద్యం పట్టించి, తీపి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పులుసులో మెత్తబడేదాకా ఉడికించి, అప్పుడు చట్టీలో పేరుస్తారట.

అసలు సంగతి బోర్డులో ఉంది. అప్పటి రాతలో ఆ చేప పేరుకి నాలుగక్షరాలు: దొ-జి-య-ఉ. 1806లో ఎడో తగలబడింది, అంటే ఇవాళ్టి టోక్యోనే. కొట్టూ పోయింది. నాలుగక్షరాలు అచ్చిరావని యజమాని బోర్డులు రాసే పేరున్న చేతిని పట్టుకుని మూడక్షరాల్లో రాయించాడు: దొ-జె-ఉ. శుద్ధ తప్పు. పలకడం మాత్రం దోజో అనే పలుకుతారు. జనం విరగబడ్డారు. తరవాత తక్కిన దోజో కొట్లవాళ్ళు కూడా తమ బోర్డుల మీద ఆ తప్పే ఎక్కించుకున్నారు.

చట్టీ ముందే ఈ పాదం తట్టింది:

తప్పు వ్రాసినంత దక్కె యశము

ఇది పద్యానికి ఆఖరి పాదం, ముందు మూడూ మీరల్లాలి. షరతు ఒకటే. జపాను పాతకాలపు భోజనశాల వాసన పద్యంలో తగలాలి.

గణగణ:
నమస్కారం. పూరణకి ముందే సందేహం. "తప్పు వ్రా" దగ్గర "పు" గురువైపోదా? సమస్యలోనే గణభంగం అంటే శకునం బాగోలేదు.

కోనసీమ అక్కయ్య:
రెండూ తెలుగు మాటలే కదా నాయనా, పక్క మాటలో ఒత్తు ఉంటే ముందు మాట చివరక్షరం ఎందుకు బరువెక్కుతుంది? పైగా అది తేల్చి పలికే రేఫ. ఈ సందేహం నువ్వు ఉగాదికి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి అడిగావు.

గణగణ:
సంక్రాంతికి అడిగింది "క్రొత్త" గురించి అక్కయ్యా. అది వేరు.

బోధన్ తమ్ముడు:
మొదటి బోణీ నాదే, ఆటవెలదిలో.

ఆ.వె.
నాల్గు వర్ణము లవి నాశము జూపంగ
మూడె చాలు ననుచు ముచ్చటించి
పలకమీద నొకటి పాపగా వణిజుండు
తప్పు వ్రాసినంత దక్కె యశము

నిర్వాహకుడు:
శుభ్రంగా ఉంది తమ్ముడూ. కథ కథలాగే దిగింది. "వణిజుండు" ఒక్కటే గొంతులో ముల్లు.

రిటైర్డ్ మాస్టారు:
దోషం లేదు, విశేషమూ లేదు. నిర్వాహకులు వచనంలో చెప్పినదాన్ని తమ్ముడు ఆటవెలదిలో చెప్పాడు. అయినా నాలుగుకీ నాశానికీ చుట్టరికం ఏమిటో పద్యంలో తెలియడం లేదు.

సైతామా నుంచి:
ఇక్కడ జపానులో నాలుగుని "షి" అంటారు మాస్టారూ, చావునీ "షి" అనే అంటారు. ఆసుపత్రుల్లో నాలుగో నంబరు గది వదిలేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

రిటైర్డ్ మాస్టారు:
అలా చెప్పండి. మా నాయనగారు కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేవారు కాదు, "లాభం" అనేవారు. ఏడు దగ్గరికొస్తే "ఆరున్నొకటి". ఏడు అంటే ఏడుపొస్తుందని. ఆ జపాను ఆసామీ మావాడే. సరే, నాది కాసుకోండి.

ఆ.వె.
బొగ్గు నిప్పు మీద బుల్లి యినుప చట్టి
ఉల్లికాడ కుప్ప నొలికి పడగ
నాకు నోరు పండె నాహా యటంచును
తప్పు వ్రాసినంత దక్కె యశము

బోధన్ తమ్ముడు:
చట్టి కళ్ళకి కట్టింది మాస్టారూ! "బుల్లి యినుప చట్టి" అద్భుతం.

గణగణ:
రెండో పాదంలో "ఉ"కీ "నొ"కీ యతి, అంటే మొదటక్షరానికి పాదం మధ్యలో రావాల్సిన జోడక్షరం, కుదరలేదు.

కోనసీమ అక్కయ్య:
గణగణా, అది కుదిరింది. కుప్పను, ఒలికి. ద్రుతం, అంటే ఆ "ను"లోని నకారం, పోతే మిగిలేది "ఒ". ఉకీ ఒకీ మైత్రి ఉంది. కుదరనిది దాని కింద పాదం. "పండెన్, ఆహా" కదా? అక్కడ మిగిలేది "ఆ". దానికి "నాకు"లో "నా"తో ఏం పని? రెండో పాదంలో ద్రుతాన్ని తీసి అచ్చుకి యతి వేసిన చెయ్యే మూడో పాదంలో ద్రుతం మీదే కూచుంది. ఒక్క పద్యంలో రెండు న్యాయాలు.

ఇంకోటి. నోరు పండింది మాస్టారిది. తప్పు రాసినవాడు ఎవరు? యశస్సు ఎవరికి? మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య ఒక సముద్రం ఉంది.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, ఆవేశంలో వచ్చిన "ఆహా"కి ద్రుతం లెక్క చూడకూడదు. అవధానాల్లో ఎన్ని వినలేదు?

కోనసీమ అక్కయ్య:
వేదిక మీద ఆశువుగా చెప్పినవాళ్ళకి ఆ మినహాయింపు. మీరు మధ్యాహ్నం కునుకు తీసి, లేచి, కాఫీ తాగి పంపారు. పోనీలెండి, సమస్యాపాదానికి మీరే సాక్ష్యం. తప్పు వ్రాసినంత తమ్ముడి చేత అద్భుతం అనిపించుకున్నారు.

బోధన్ తమ్ముడు:
నన్ను మధ్యలోకి లాగకండి అక్కయ్యా 🙏

నిర్వాహకుడు:
సవరణ చాలా తేలిక మాస్టారూ. "ఆకలింత తీరె నాహా యటంచును" అనండి. ఆకీ ఆకీ సరిపోతుంది.

రిటైర్డ్ మాస్టారు:
చూస్తాను. నోరు పండడం వేరు, ఆకలి తీరడం వేరు. అక్కయ్యగారు తప్పులు పట్టడమే గాని పూరణ ఇవ్వలేదు ఇంకా.

కోనసీమ అక్కయ్య:
ఇదిగో.

ఆ.వె.
నిప్పు రేగి యూరు నీరైన పిమ్మట
కొత్త పలకమీద గూర్చె మూడె
"నాల్గు వలదు వలదు! నాశ మింక మనకు
తప్పు" వ్రాసినంత దక్కె యశము

నిర్వాహకుడు:
రెండుసార్లు చదివాను. మొదటిసారి దాటిపోయింది. "నాశ మింక మనకు తప్పు" దగ్గర వాక్యం ముగించేశారు! తప్పు అనే నామవాచకాన్ని క్రియ చేసేశారు. నేనిచ్చిన పాదంలో తప్పే లేకుండా పోయింది. అక్కయ్యగారూ, ఇది ఈ నెలకి పూరణ.

సైతామా నుంచి:
"నీరైన" కూడా చూడండి. నిప్పు పక్కన నీరు, కాని ఇక్కడ నీరంటే బూడిద. ఊరు బూడిదైంది అని.

కోనసీమ అక్కయ్య:
అది నేను అనుకోలేదు, అయినా ఒప్పేసుకుంటున్నా.

రిటైర్డ్ మాస్టారు:
విరుపు బాగుంది, కాదనను. ఆ కొటేషను గుర్తులు తీసేస్తే నిలబడుతుందా అన్నది నా ప్రశ్న. పద్యం చెవికి, గుర్తులు కంటికి. అదీగాక కర్త ఏడీ? కూర్చింది ఎవరు?

కోనసీమ అక్కయ్య:
కొట్టు కాలినవాడే కూరుస్తాడు మాస్టారూ, పక్కింటివాడు కూర్చడు. చెవి సంగతంటారా, "మనకు" తరవాత ఒక్క క్షణం ఆగకుండా, "తప్పు" దగ్గర ఆగి చదవండి. మొన్న మలుగు చేప పద్యం మీరు చదివి వినిపించినప్పుడు మేము ఎక్కడ ఆగాలో చెప్పారుగా.

గణగణ:
మలుగు పద్యం ఏది? నేను లేను అప్పుడు.

కోనసీమ అక్కయ్య:
పోయిన నెలది. సమస్య గుర్తులేదు గాని మాస్టారి మొదటి పాదం నాకు నిద్రలో కూడా గుర్తే: "కడుపు చీల్చి మలుగు గాల్చిరి యెడొలోన". గణాలు సరే, యతి సరే. అప్పుడే సైతామా తమ్ముడు ఏదో అనబోయి మర్యాదకి ఊరుకున్నాడు. ఇప్పుడు చెప్పు తమ్ముడూ.

సైతామా నుంచి:
పాత గొడవ తవ్వడం ఇష్టంలేదు గాని, అడిగారు కాబట్టి. ఎడోలో మలుగుని కడుపు వైపు చీల్చరండి, వీపు వైపు చీలుస్తారు. అది సమురాయ్‌ల ఊరు, కడుపు కోసుకోవడమంటే వాళ్ళ ఆత్మాహుతి గుర్తొస్తుందని అలా అలవాటైందంటారు. కడుపు వైపు కోసేది ఒసాకా పక్క. ఇప్పటికీ పాత మలుగు ఇళ్ళలో ఈ తేడా ఉంది. టోక్యోలో కాల్చే మధ్యలో ఆవిరి మీద కూడా పెడతారు, అందుకే ఇక్కడ మెత్తగా ఉంటుంది.

కోనసీమ అక్కయ్య:
చూశారా. మలుగు మొదటక్షరం "గాల్చిరి"కి కుదరక "క"తో మొదలుపెట్టాలని, యతి కోసం పాపం దాని కడుపు కోశారు.

రిటైర్డ్ మాస్టారు:
నేను జపాను వెళ్ళలేదు, మలుగూ తినలేదు. మా ఇంట్లో కోడిగుడ్డే రాదు. కవి అన్నీ తిని రాయాలంటే ఈ గుంపులో యుద్ధవర్ణనలు ఎవరూ రాయకూడదు.

నిర్వాహకుడు:
"వెన్ను చీల్చి మలుగు వేపిరి యెడొలోన" అంటే రెండూ దక్కుతాయి. వెకీ వేకీ యతి, ఎడోకి సంప్రదాయం. ఇక ఆ విషయం వదిలేద్దాం, దయచేసి.

ఒంగోలు గిత్త:
పెద్దవాళ్ళు కొట్టుకుంటుంటే మధ్యలో నవ్వు కోసం:

ఆ.వె.
చేప వద్దటంచు చీటిపై వ్రాయక
చేప ముద్దటంచు చేర్చె మామ
మెచ్చి తినగ నతని మేటి భోక్త యనిరి
తప్పు వ్రాసినంత దక్కె యశము

బోధన్ తమ్ముడు:
😂😂 వద్దు-ముద్దు!

గణగణ:
ఎడోలో తెలుగు చీటీ చదివిందెవరు? జపాను లిపిలో వద్దుకీ ముద్దుకీ ఒక్క అక్షరమే తేడా ఉండదు కదా. పైగా "చేప", "అటంచు" రెండుసార్లొచ్చాయి.

ఒంగోలు గిత్త:
మామకి చేపంటే అంత ఇష్టం, అందుకని రెండుసార్లు.

కోనసీమ అక్కయ్య:
హాస్యానికి లిపి అడక్కు గణగణా. మూడో పాదం "భోక్త యనిరి" ఎత్తుగడ నాకు నచ్చింది. మాస్టారి "ఆహా" కన్నా ఇక్కడ మామ ఆహా నిజంగా వినపడింది.

సైతామా నుంచి:
గిత్తగారి పద్యం నాకు గుచ్చుకుంది, ఎందుకంటే చేప వద్దన్నా చేప తిన్నవాణ్ణి నేను. వచ్చిన కొత్తలో, పేరొద్దు, సోబా అనే నూడుల్స్ పెట్టే, తాత ముత్తాతల నాటి ఒక ఇంటికి వెళ్ళాను. గుమ్మానికి తెర వేలాడుతోంది. ఆ తెరని నోరెన్ అంటారు, అది కట్టి ఉంటే కొట్టు తెరిచినట్టు. అలాంటి పాత ఇళ్ళని "షినిసే" అంటారు. "చేప ఉందా?" అని వచ్చీరాని భాషలో అడిగాను. "లేదండీ" అంది ఆవిడ, పాపం నవ్వుతూ. గిన్నె ఖాళీ చేసి, నెత్తిన నీళ్ళు పోసుకున్నంత హాయిగా లేచి, డబ్బులివ్వడానికి వంటింటి పక్కకి వెళ్తే అక్కడ ఒకాయన కొయ్యముక్కలా ఎండిన చేపని చిత్రికపట్టినట్టు గీస్తున్నాడు. గులాబీరంగు పొట్టు రాలుతోంది. కత్సుఒబుషి. దాంతోనే పులుసు. ఆవిడ అబద్ధమాడలేదు, ఆమె లెక్కలో అది చేప కాదు, రుచి. మనవాళ్ళు సాంబారులో ఇంగువ ఉందని ఎవరికైనా చెప్తారా?

అప్పటినుంచి గుళ్ళలో పెట్టే షోజిన్ అనే శాకాహార భోజనానికే వెళ్తాను. అక్కడ పులుసు సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు.

రిటైర్డ్ మాస్టారు:
ఈ ముక్క మీరు ముందే చెప్తే నేను సోబా మీద రాసేవాణ్ణి, ఉల్లికాడల జోలికి వెళ్ళేవాణ్ణి కాదు. సోబా ఇళ్ళు ఎంత పాతవి?

సైతామా నుంచి:
క్యోటోలో హోంకే ఒవారియా అని ఉంది, 1465 నాటిది. మొదట మిఠాయి కొట్టు, తరవాత సోబాలోకి దిగారు.

రిటైర్డ్ మాస్టారు:
1465! పోతనగారి కాలం. ఆయన పొలం దున్నుకుంటుంటే అక్కడ మిఠాయి పాకం పట్టారన్నమాట.

గణగణ:
పోతనగారి పద్యాల్లో కూడా "వ్రా" ముందు...

కోనసీమ అక్కయ్య:
గణగణా!

రిటైర్డ్ మాస్టారు:
సవరించిన పూరణ. నిర్వాహకుల మాట కొంత, నా మాట కొంత.

ఆ.వె.
బొగ్గు నిప్పు మీద బుల్లి యినుప చట్టి
ఉల్లికాడ కుప్ప నొలికి పడగ
నాకు నోరు పండె నవ్వుచు లేచితి
తప్పు వ్రాసినంత దక్కె యశము

"ఆహా" వదిలేశాను. అక్కయ్యగారి తృప్తికి.

కోనసీమ అక్కయ్య:
యతి కుదిరింది. సముద్రం అలాగే ఉంది. కాని "నవ్వుచు లేచితి" బావుంది మాస్టారూ, నిజం. నేలమీదనుంచి ఆ వయసులో నవ్వుతూ లేవడం తేలిక కాదు.

నిర్వాహకుడు:
నేను అమ్మాయి చెయ్యి పట్టుకుని లేచాను, అదీ మూలుగుతూ. ఈ వారం పూరణ అక్కయ్యగారిదే. చట్టి వర్ణనకి మాస్టారికి, మామకి గిత్తగారికి అభినందనలు. సైతామా తమ్ముడి గిన్నెలోంచి వచ్చే వారం పాదం తీశాను:

చేప లేని పులుసు చేపదయ్యె

గణగణ:
యతిస్థానంలో మళ్ళీ అదే మాటా?