ఎస్‌జీపీటీ నార్మల్ వస్తే లివర్ బాగున్నట్టేనా?

పరకాల పత్తిచేను:
మా బాపుకు 58 ఏండ్లు. కాళ్లు వాస్తున్నయని హన్మకొండల ఎల్ఎఫ్‌టీ (లివర్ రక్తపరీక్ష) చేపిస్తే అండ్ల ఎంజైములు ఎస్‌జీపీటీ 31, ఎస్‌జీఓటీ 44. రెండోది 40కి జరంత ఎక్కువ, అంతే. అయినా డాక్టర్ స్కానింగ్ రాసిండు. ఇది కమీషన్ల యవ్వారమేనా?

కాజీపేట జంక్షన్:
నాకైతే గట్లనే అనిపిస్తున్నది తమ్మీ. నేను టీబీ మందులు మింగినన్ని రోజులు ఎస్‌జీపీటీ చూసే నడిపిన్రు. నార్మల్‌కు ఐదు రెట్లు దాటితే గోలీలు బంద్, వాంతులో కామెర్లో ఉంటే మూడు రెట్లకే బంద్. అంత పనికొచ్చే టెస్టును పక్కకు పెడితే ఎట్ల?

ల్యాబ్ పిలగాడు:
అన్నా, మీది అప్పుడే తగిలే దెబ్బ, అది పట్టుకోనీకె ఎస్‌జీపీటీ మంచిదే. కణం దెబ్బతింటే ఎంజైము రక్తంలకు కారుతది. లివర్ ఎంత పని చేస్తున్నదో మాత్రం చెప్పదు. సిరోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడుడు) ముదిరినంక దెబ్బతిననీకె కణాలే తక్కువ మిగుల్తయి, అంకె నార్మల్ వస్తది. పని చూడాల్నంటే ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రొటీను), బిలిరుబిన్ (కామెర్ల పసుపు), పీటీ (రక్తం గడ్డకట్టే టైము) చూడాలె.
ఎస్‌జీఓటీ ఇంకో తిరకాసు. అది గుండెల, కండల్ల, ఎర్రకణాలల్ల గూడ ఉంటది. 1950లల్ల గుండెపోటు పట్టనీకె వాడిన టెస్టే. సిరంజి గట్టిగ గుంజితే ఎర్రకణాలు పగిలి సీరం (రక్తంల నీళ్ల భాగం) ఎర్రగ దిగుతది, అంకె ఉత్తగనే పెరుగుతది. మా దగ్గర అసొంటి శాంపిల్ మళ్ల తీస్తం.
పత్తిచేనన్నా, ప్లేట్‌లెట్లు ఎన్ని?

పరకాల పత్తిచేను:
98 వేలు. ఆల్బుమిన్ 2.9. రెండూ నార్మల్ కంటే తక్కువే. ఎనకట తాగుడుండె.

ల్యాబ్ పిలగాడు:
ఫిబ్-4 అని, లివర్ ఎంత గట్టిపడ్డదో అంచనా ఏసే లెక్క కట్టిన. వయసును ఎస్‌జీఓటీతోని గుణించి, ప్లేట్‌లెట్ల వేలతోని, ఎస్‌జీపీటీ వర్గమూలంతోని భాగిస్తే 4.7 వచ్చింది. 1.3 లోపుంటే భయం తక్కువ, 2.67 దాటితే లివర్ గట్టిపడ్డదని గట్టి అనుమానం. స్కానింగ్ ఆపకుండ్రి.

కాజీపేట జంక్షన్:
నీ ఫిబ్-4ల ఉన్నయి గూడ గవే ఎంజైములు గద!

ల్యాబ్ పిలగాడు:
అవునే, ఎంజైములు వద్దని నేనెక్కడన్న? ఒక్క అంకె పట్టుకొని తీర్పు చెప్పొద్దంటున్న.

ములుగు బాట:
ఇంకో ముచ్చట. పసిరికలకు (కామెర్లకు) పసరు తాగిచ్చి, ఎస్‌జీపీటీ వేలకెళ్లి వందలకు దిగిందని ఖుషీ అయ్యేటోళ్లను చూస్తున్న. హెపటైటిస్ ఏ అయితే చానామందికి దానంతట అదే తగ్గుతది, పేరు పసరుకొస్తది. కానీ ఎస్‌జీపీటీ దిగుకుంట బిలిరుబిన్, పీటీ ఎక్కుతున్నయంటే లివర్ చేతులెత్తేస్తున్నట్టు. మనిషి మత్తుమత్తుగ మాట్లాడితే ఇంట్ల ఉంచొద్దు.

పరకాల పత్తిచేను:
స్కానింగ్ రేపే. పొద్దుగాల ఏం తినకుండ రమ్మన్నరు. బాపు షుగర్ గోలీ ఏసుకుంటడు, ఏం జెయ్యాలె?

ల్యాబ్ పిలగాడు:
పొద్దుగాల మొదటి నంబర్ తీసుకోండ్రి. గోలీ సంగతి ఈ రాత్రికే డాక్టర్‌కు ఫోన్ చేసి అడుగుండ్రి. పాత రిపోర్టులన్నీ పట్టుకపోండ్రి.