ఆన్‌లైన్ హోంవర్క్: మూడు అటెంప్ట్స్ పెట్టినా పిల్లలకి ఒక్కటే వస్తోంది, అసలు ఎన్ని ఇవ్వాలి?

అడిగినవారు (మారతహళ్లి, బెంగళూరు):
అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, పదకొండు దాటింది, ఇక బుర్ర పనిచేయడం లేదు. ఫస్టియర్ ఇంజనీరింగ్ పిల్లలకి ఫిజిక్స్ హోంవర్క్ ఇచ్చాను. అటెంప్ట్స్ 3 అనే పెట్టాను, పదిసార్లు చూసుకున్నాను. అయినా "మేడమ్, ఒక్కసారి తప్పు కొడితే లెక్క లాక్ అయిపోతోంది" అని మెసేజ్ మీద మెసేజ్. రేపు రాత్రితో గడువు. మూడు సరిపోతాయా, ఐదు చేయాలా, అన్‌లిమిటెడ్ వదిలేయాలా?

లెక్కల మాస్టారు (బనశంకరి):
ఎన్ని అన్నది తర్వాత మేడమ్, ఆ లెక్క చేత్తో చేస్తున్నారా లేదా అది చూడండి. నాలుగు ఆప్షన్లిచ్చి మూడు ఛాన్సులిస్తే పుస్తకం తెరవనివాడికి కూడా నూటికి 75 పాళ్లు తగులుతుంది. నేను రఫ్ నోట్సు చూడకుండా ఆన్‌లైన్ మార్కు వేయను. ఎక్కడ తప్పాడో ఆ కాగితం మీదే కనిపిస్తుంది.

మరొకరు:
ఏ సాఫ్ట్‌వేర్? బిహేవియర్ (జవాబు కొట్టాక లెక్క ఎలా స్పందించాలో చెప్పే సెట్టింగ్) ఏది?

అడిగినవారు:
మూడుల్ (Moodle) అండీ, ఆన్‌లైన్ పాఠాలు, క్విజ్‌లు పెట్టే సాఫ్ట్‌వేర్. అందరూ అదే వాడతారు కదా అని రాయలేదు. ఆప్షన్లు లేవు సార్, అంకె టైప్ చేయాలి. బిహేవియర్ 'ఇంటరాక్టివ్ విత్ మల్టిపుల్ ట్రైస్'. పేరులోనే మల్టిపుల్ ఉంది!

మరొకరు:
హింట్లు రాశారా? ఎన్ని హింట్లుంటే అంతకి ఒకటి ఎక్కువ ట్రైలు. హింట్ లేకపోతే ఒక్కటే. మీరు పెట్టిన 3 మొత్తం క్విజ్‌కి, లెక్కకి కాదు.

ఇంకొకరు (యలహంక):
అటెంప్ట్, ట్రై రెండూ ప్రయత్నమే కదండీ, పిల్లలకి ఎలా తెలుస్తుంది?

లెక్కల మాస్టారు:
క్విజ్‌కి విడత, లెక్కకి ప్రయత్నం అనండి.

ఇంకొకరు (యలహంక):
విడత అంటే ఫీజు కట్టేదే గుర్తొస్తుంది సార్. రౌండ్ అంటే సరిపోదూ? సరే, దానికన్నా ముఖ్యమైనది ఒకటుంది. రెండు సెకన్లు పడిన రాయి ఎంత దూరం వచ్చిందంటే, జీ విలువ 9.8 తీసుకుంటే 19.6 మీటర్లు, 9.81 తీసుకుంటే 19.62. జవాబు 19.6 అని రాసి పక్కన ఎర్రర్ (జవాబు ఎంత అటూ ఇటూ అయినా ఒప్పుకోవాలో చెప్పే అంకె) 0 వదిలేస్తే రెండోది తప్పే. మా అమ్మాయి ఒక రాత్రి 19.62 మూడుసార్లు కొట్టి, ల్యాప్‌టాప్ మూసేసి, అన్నం తినకుండా పడుకుంది. లెక్క సరిగ్గానే చేసింది, నోట్సులో నేనే చూశాను. ఎర్రర్ 0.05 పెట్టండి, రెండూ తీసుకుంటుంది. ఇది సరిచేయకుండా పది ఛాన్సులిచ్చినా పిల్లల టెన్షన్ తగ్గదండీ.

మరొకరు:
పెనాల్టీ (ఒక్కో తప్పు ట్రైకి కోసే మార్కులు) కూడా చూడండి. మార్చకపోతే 33.33 శాతం ఉంటుంది. రెండో ట్రైలో కరెక్ట్ చేసినా మార్కుల్లో మూడింట రెండొంతులే.

లెక్కల మాస్టారు:
కోత ఉండాలి. లేకపోతే మొదటిసారి ఎవడూ ఆలోచించడు.

ఇంకొకరు (యలహంక):
పెనాల్టీ 10 శాతం చాలు సార్, హోంవర్క్ నేర్చుకోవడానికి, పరీక్ష కాదు.

లెక్కల మాస్టారు:
అందుకే రఫ్ నోట్సు అంటున్నాను.

అడిగినవారు:
ఒక్కో లెక్కకి రెండు హింట్లు రాశాను, ప్రివ్యూలో 'ట్రై అగైన్' వచ్చింది. థాంక్సండీ. నాలుగో లెక్కలో ఎర్రర్ 0 నే ఉంది, అది మార్చి పడుకుంటాను. పెనాల్టీ సంగతి రేపు.