సెలైన్ ట్యూబ్: పీవీసీని వదిలేయాలా, ప్లాస్టిసైజర్ మారిస్తే చాలా?

రాత్రిషిఫ్ట్
సెలైన్ సెట్ల ట్యూబ్ తీసే ఎక్స్‌ట్రూషన్ లైన్ (ప్లాస్టిక్‌ని కరిగించి డై అనే అచ్చులోంచి తోసే మెషీన్) మీద పదకొండేళ్లుగా ఉన్నాను. ఈమధ్య మా షెడ్డులో రోజూ ఒకటే గొడవ. డీఈహెచ్‌పీ అనే ప్లాస్టిసైజర్ (పీవీసీని మెత్తగా చేసే పదార్థం) కలిపిన పీవీసీ ఇక వద్దని కస్టమర్లు అడుగుతున్నారు. సగం మంది డీఈహెచ్‌పీ బదులు టీఓటీఎం అనే ఇంకో ప్లాస్టిసైజర్ వేస్తే సరి, మెషీన్ అదే, డై అదే అంటున్నారు. మిగతావాళ్లు పీవీసీకే దండం పెట్టి టీపీయూ అనే వేరే మెత్తటి ప్లాస్టిక్‌కి వెళ్దామంటున్నారు. నేను మొదటి సగంలో ఉన్నాను.

మెత్తటి పీవీసీ ట్యూబ్ బరువులో సుమారు మూడో వంతు ప్లాస్టిసైజరే. అది పాలిమర్‌తో రసాయనికంగా కలవదు, గొలుసుల మధ్య దూరి కూర్చుంటుంది అంతే. కొవ్వున్న ద్రవం తగిలితే మెల్లగా అందులోకి జారుకుంటుంది. టీఓటీఎం అణువు పెద్దది, అంత తేలిగ్గా కదలదు. తప్పు డీఈహెచ్‌పీదైతే పీవీసీని తరిమేయడం, ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

టీపీయూ ట్రయల్ ఒకసారి చూశాను. నీళ్ల ట్యాంకు దాటి వచ్చిన ట్యూబ్‌ని లైటుకి అడ్డం పెడితే గోడ నిండా గసగసాలంత బుడగలు. గుళికల్లో తేమ 0.02 శాతం దాటితే ఇదే కథ. లేజర్ గేజ్ మీద ఓడీ (ట్యూబ్ బయటి వ్యాసం) ఊగుతూనే ఉంది. పొద్దున చూస్తే చుట్టలో ట్యూబ్ వరసలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

డైమేస్త్రి
డ్రయర్ సరిగ్గా పెట్టకుండా టీపీయూని తిడితే ఎలాగండీ? డ్రయర్ గాలి ఎంత పొడిగా ఉందో చెప్పే డ్యూ పాయింట్ చూశారా అసలు? హాపర్ (గుళికలు పోసే తొట్టి) మూత తీసి వదిలేసినా ఆరిన గుళికలు మళ్లీ తేమ పీల్చేస్తాయి. తడితో కరిగిస్తే బుడగలే కాదు, గొలుసులూ తెగి కరుగు పల్చబడుతుంది. ఓడీ ఊగింది అందుకే.

"మెషీన్ అదే, డై అదే" అన్నది కూడా నేను ఒప్పుకోను. టీఓటీఎం డీఈహెచ్‌పీ కన్నా చిక్కన. హాట్ మిక్సర్‌లో రెసిన్ (పీవీసీ పొడి) దాన్ని పీల్చుకోవడానికి ఎక్కువ సేపు, ఎక్కువ వేడి కావాలి. మెషీన్‌లో ప్లాస్టిక్ కరిగే బ్యారెల్ వేడి కూడా కాస్త పెంచాల్సి వస్తుంది. పీవీసీకి వేడి మితి మీరితే హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది, స్క్రూని తినేస్తుంది. డైలో నడిమి కడ్డీని పట్టుకునే స్పైడర్ కాళ్ల వెనక కరుగు కాస్త ఆగినా చాలు, అక్కడే కాలి నల్ల చుక్కలై ట్యూబ్‌లోకి వస్తుంది. పాత డైలో ఆ మూలలు ఎన్ని ఉన్నాయో ముందు విప్పి చూసుకోండి.

ఐసీయూసిస్టర్
మీ మెషీన్ల సంగతి నాకు తెలియదు గానీ ఒక మాట. గుండె మందు నైట్రోగ్లిజరిన్‌ని మామూలు పీవీసీ సెట్‌లో ఎక్కిస్తే 40 నుంచి 80 శాతం మందు ట్యూబే తాగేస్తుందని ఆ మందు కాగితంలోనే రాసి ఉంటుంది. మీరు టీఓటీఎం వేసినా మెత్తటి పీవీసీ మెత్తటి పీవీసీయే కదా? అంటే ట్యూబ్ నుంచి మందులోకి వచ్చేది ఒకటి, మందు నుంచి ట్యూబ్‌లోకి పోయేది ఇంకొకటి. మీరంతా మొదటిదాని గురించే మాట్లాడుతున్నారు.

రాత్రిషిఫ్ట్
సిస్టర్ గారూ, అక్కడ నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అలాంటి మందులకి మూడు పొరల ట్యూబ్ తీస్తారు. మందు తగిలే లోపలి పొర పాలిథీన్, బయట పీవీసీ, రెండూ ఊడిపోకుండా మధ్యలో ఈవీఏ అనే ఇంకో ప్లాస్టిక్. మూడు ఎక్స్‌ట్రూడర్లు ఒకే డై హెడ్‌లోకి తోస్తాయి. బయట పీవీసీ ఉంది కాబట్టి కనెక్టర్‌కి సైక్లోహెక్సనోన్ అనే సాల్వెంట్‌తో ఎప్పట్లాగే అతుకుతుంది. ఉత్త పాలిథీన్ ట్యూబ్ అయితే ఆ సాల్వెంట్‌కి లొంగదు. చూడండి, అక్కడా పీవీసీ లేకుండా పని జరగలేదు!

కాగితాలమనిషి
నియమాల సంగతి నేను చెప్తాను, నా తిండి అదే. మగ పసికందుల విషయంలో జాగ్రత్త అని అమెరికా ఎఫ్‌డీఏ 2002లోనే డీఈహెచ్‌పీ మీద హెచ్చరిక ఇచ్చింది. యూరప్ 2017/745 నిబంధన ప్రకారం, ఒంట్లోకి మందు పంపే పరికరంలో ఇలాంటి పదార్థం బరువులో 0.1 శాతం దాటితే ఎందుకు తప్పదో రాసుకోవాలి, లేబుల్ మీద చూపాలి. కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది: డీఈహెచ్‌పీ ఉన్న సెలైన్ సంచులు 2030 నుంచి, ట్యూబ్‌లు 2035 నుంచి అమ్మకూడదు. రక్తం నిల్వ చేసే సంచులకి మినహాయింపు ఇచ్చారు. ఎర్ర కణాల పొర చెదరకుండా కాపాడేది ఆ డీఈహెచ్‌పీయే మరి, విచిత్రం! వీటిలో ఏదీ పీవీసీ వద్దనలేదు. అలాగని రాత్రిషిఫ్ట్ గారు సంబరపడక్కర్లేదు. ప్లాస్టిసైజర్ ఒక్కటి మార్చినా ఒంటికి హాని చేయదని చూసే ఐఎస్ఓ 10993 పరీక్షలు మళ్లీ చూసుకోవాలి, అతుకు బలం మళ్లీ లాగి చూడాలి, లైన్ వ్యాలిడేషన్ (ప్రతిసారీ సరైన ట్యూబే వస్తుందని రుజువు) మళ్లీ చేయాలి. ఎటు వెళ్లినా ఫైలు లావే.

డైమేస్త్రి
అతుకు అన్నారు కాబట్టి చెప్తున్నా. ఇంతకుముందు పనిచేసిన చోట ట్యూబ్‌లో ప్లాస్టిసైజర్ మార్చారు, లాగుడు పరీక్షలన్నీ పాస్. కొన్ని వారాల తర్వాత గోడౌన్‌లో పెట్టె విప్పితే పాలీకార్బొనేట్ కనెక్టర్ల మెడ చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు. ట్యూబ్‌లోని ప్లాస్టిసైజర్ మెల్లగా కనెక్టర్‌లోకి పాకింది. బిగుతుగా దూర్చిన చోట ఒత్తిడి ఎలాగూ ఉంటుంది, అక్కడే చీలింది. అందుకే నేను టీపీయూ వైపు. అందులో పాకడానికి ప్లాస్టిసైజరే ఉండదు.

రాత్రిషిఫ్ట్
ఇది నాకు కొత్త. మేం అతికించిన మర్నాడే లాగి చూసి సంతకం పెట్టేస్తున్నాం.

ఐసీయూసిస్టర్
పాలిమర్ ఏదైనా కానివ్వండి, నాదొక్కటే ప్రశ్న. చుక్కల వేగం సర్దే రోలర్ క్లాంప్ కింద ట్యూబ్ గంటల తరబడి నొక్కి ఉంటే అక్కడ మెల్లగా సాగి చదునవుతుంది, చుక్కల వేగం దానంతటదే మారిపోతుంది. అందుకే మేం మాటిమాటికీ వాచీ పట్టుకుని లెక్కపెట్టి మళ్లీ సర్దుతాం. మీ కొత్త ట్యూబ్‌ని ఒక రాత్రంతా క్లాంప్‌లో ఉంచి పొద్దున చుక్కలు లెక్కపెట్టారా ఎవరైనా?

రాత్రిషిఫ్ట్
లేదండీ. ఓడీ, గోడ మందం, లాగుడు, అంతే చూశాం. ఈ రాత్రి రెండు రకాలూ స్టాండ్‌కి కట్టి పెడతాను, పొద్దున అంకెలు ఇక్కడే రాస్తాను.