తలకు పాత దెబ్బలున్నవాళ్లు: నడక, పరుగు, సైకిల్‌లో మీకేది పనిచేసింది?

దూరపుదారి
అందరికీ నమస్కారం. సైన్యంలో ఉన్నప్పుడు తలకు మూడుసార్లు దెబ్బ తగిలింది. రెండు పేలుళ్లు, ఒకసారి బండి బోల్తా. ఆఖరిది జరిగి 11 ఏళ్లు. ఇప్పుడు నాకు 46. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట దొరక్క ఆగిపోతున్నాను. వారంలో మూడు రోజులు తలనొప్పి. డాక్టరు గారు "ఏరోబిక్ వ్యాయామం చేయండి, మెదడుకు మంచిది" అని పంపించేశారు. ఎంత, ఎలా అన్నది చెప్పలేదు. పాత అలవాటుకొద్దీ మొదటి రోజే 5 కిలోమీటర్లు పరిగెత్తాను. తర్వాత రెండు రోజులు కర్టెన్లు దించుకుని పడుకోవాల్సి వచ్చింది.
నడకా, పరుగా, సైకిలా? రోజుకెంతసేపు? ఇన్నేళ్లయ్యాక మొదలుపెడితే మతిమరుపు తగ్గుతుందా? తలనొప్పి మందులు వాడుతూ చేసినవాళ్లున్నారా?

పరుగుఆపను
రెండు రోజులు పడుకోవడం మామూలే తమ్ముడూ. నాకు 52, నాలుగు కంకషన్లు (దెబ్బకు మెదడు అదిరే గాయాలు). ఆరేళ్లుగా రోజూ 8 కిలోమీటర్లు పరిగెడుతున్నాను. మొదటి నెలంతా తల పగిలిపోయేది, పళ్లు బిగబట్టి పరిగెత్తాను. ఇప్పుడు తలనొప్పి ఊసే లేదు. ట్రైనింగ్‌లో మనకు నేర్పింది అదే కదా. తల చెప్పినట్టు వింటే మంచం దిగలేం. ఆపకు.

మెట్లదగ్గరఆగాను
పరుగుఆపను గారూ, దయచేసి కొత్తవాళ్లకు ఈ సలహా ఇవ్వకండి. నేను సరిగ్గా అదే చేసి ఏడాదిన్నర పోగొట్టుకున్నాను. పరిగెత్తడం, మూడు రోజులు పడిపోవడం, కాస్త తేరుకోగానే పోయిన రోజులన్నీ ఒకేసారి పూడ్చాలని ఇంకా గట్టిగా పరిగెత్తడం, మళ్లీ పడిపోవడం. బూటు లేసు కట్టుకోడానికి వంగితే కళ్ల వెనక ఎవరో బొటనవేళ్లతో నొక్కినట్టుండేది. ఒకరోజు ఇంట్లో మెట్లెక్కుతూ సగంలో రెయిలింగ్ పట్టుకుని కూర్చుండిపోయాను. పైకీ పోలేను, కిందికీ దిగలేను. పిల్లలు చూస్తూ నిలబడ్డారు.
ఆ తర్వాతే ఒక రిహాబ్ సెంటర్లో ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు. వేగం అదే ఉంచి, నిమిషానికి ఒక శాతం చొప్పున బెల్టు వాలు పెంచుతూ పోతారు. ప్రతి నిమిషం "ఇప్పుడు తల ఎంత?" అని పదికి ఎన్నో అడుగుతారు. నాది రెండుతో మొదలై పదో నిమిషానికి ఐదుకు చేరింది. అక్కడే ఆపేశారు. అప్పుడు గుండె వేగం 135. అందులో 80 శాతం 108. "ఈ అంకె దాటొద్దు, రోజూ 20 నిమిషాలు" అన్నారు. 108 అంటే నాకు కాస్త చురుగ్గా నడవడమే. ఒకప్పుడు నిండు సంచితో కొండలెక్కినవాణ్ణి, ముసలివాళ్లు నన్ను దాటుకుని పోతుంటే తల దించుకుని నడిచేవాణ్ణి. ఐదు వారాలకు మళ్లీ పరీక్ష పెడితే 151 దాకా వెళ్లాను, తల రెండు దగ్గరే ఉంది.

లెక్కసరిచూడు
ఆ పరీక్షకు వెళ్లలేనివాళ్లకు సులువైన దారి ఉంది. 220 లోంచి వయసు తీసేయండి, అందులో 60 శాతం. 46 ఏళ్లంటే 174, అరవై శాతం 104. వాచ్‌లో 104కు అలారం పెట్టుకోండి. అంతే.

ఫిజియోవాణి
అంతే కాదండీ. 14 ఏళ్లుగా తల దెబ్బల రిహాబ్‌లోనే ఉన్నాను, ఈ 220 లెక్క పట్టుకుని వచ్చి ఇబ్బంది పడ్డవాళ్లను ఎంతమందినో చూశాను. అది సగటు. ఒక్కో మనిషికి 10, 12 అటూ ఇటూ ఉండడం మామూలు. మెట్లదగ్గరఆగాను గారు చెప్పింది అమెరికాలోని బఫెలో యూనివర్సిటీలో జాన్ లెడీ, బారీ విల్లర్ రూపొందించిన పరీక్ష. అందులో హద్దు వయసు లెక్కలోంచి రాదు. లక్షణాలు ఎక్కడ పెరుగుతున్నాయో అదే హద్దు. 2019లో ప్రచురించిన వాళ్ల ట్రయల్‌లో 103 మంది పిల్లలున్నారు. హద్దుకు లోపల వ్యాయామం చేసినవాళ్లలో సగం మంది 13 రోజుల్లోపు కోలుకున్నారు, స్ట్రెచింగ్ మాత్రమే చేసినవాళ్లలో సగం మంది కోలుకోడానికి 17 పట్టింది.

లెక్కసరిచూడు
సగటు అని నాకూ తెలుసు మేడం. 2001లో తనాకా వాళ్లు ఇచ్చిన సూత్రమే తీసుకోండి: 208 లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేయాలి. 46 ఏళ్లకు 175.8 వస్తుంది. నా లెక్కకు రెండు కూడా తేడా లేదు. ట్రెడ్‌మిల్, పక్కన మనిషి, ఈసీజీ అందరికీ దొరుకుతాయా? దొరకనివాళ్లు ఇంట్లో కూర్చోవాలా?

ఫిజియోవాణి
కూర్చోమని నేనెక్కడ అన్నాను? రెండు సూత్రాలూ దగ్గరగా వచ్చినంత మాత్రాన రెండూ ఈ మనిషికి సరిపోతాయని కాదు. ఇద్దరు 46 ఏళ్లవాళ్లలో ఒకరికి 100 దగ్గరే తల తిరగొచ్చు, ఇంకొకరికి 150 దాకా ఏమీ కాకపోవచ్చు. మీ అలారం మొదటివాడికి ఆలస్యంగా మోగుతుంది, రెండోవాణ్ణి అనవసరంగా ఆపేస్తుంది.

కొండదిగువ
అసలు మోగనే మోగకపోవచ్చు! నేను తలనొప్పి రాకుండా ప్రొప్రనలోల్ వేసుకుంటాను. అది గుండె వేగాన్ని తొక్కిపెట్టేస్తుంది. ఇలాంటి లెక్కే నమ్మి వాచ్‌లో 106 పెట్టుకున్నాను. ఎంత ఎక్కినా 98 దాటదు. "ఇంకా రాలేదు, ఇంకా రాలేదు" అనుకుంటూ ఎక్కుతూనే ఉన్నాను. కళ్లు బైర్లు కమ్మి రోడ్డు పక్కన కూలబడ్డాక చూస్తే అప్పుడూ 97. లెక్కసరిచూడు గారూ, సలహా ఇచ్చేముందు ఏం మందులు వాడుతున్నారని ఒక్క మాట అడగండి. దూరపుదారి గారు మందుల గురించి అడిగారు కూడా, ఎవరూ పట్టించుకోలేదు.

లెక్కసరిచూడు
మందులవాళ్ల సంగతి వేరని ముందే రాయాల్సింది. ఒప్పుకుంటున్నాను. మిగిలినవాళ్లకు నా మాట మారదు.

గోడపేల్చినవాడు
వాచ్ గురించి ఇంతసేపు కొట్టుకుంటున్నారు, మాలాంటివాళ్ల దెబ్బకు లెక్కే లేదు. తలుపులు, గోడలు పేల్చి లోపలికి వెళ్లడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌గా ఎనిమిదేళ్లు చేశాను. బ్యాచ్‌కు ఒక పేలుడు దగ్గర ఉంటే ట్రైనీకి ఒకటి, నాకు అన్ని బ్యాచ్‌లవీ. సాయంత్రానికి తల దిమ్ముగా, వాంతి వచ్చినట్టు. ఒక్కసారీ స్పృహ తప్పలేదు కాబట్టి ఫైల్లో ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు వెళ్లి చెబితే "మీకు తల గాయం రికార్డు లేదే" అంటారు.

పరుగుఆపను
స్పృహ తప్పకపోతే అది కంకషన్ కాదు కదా అన్నా. తల దిమ్ము అందరికీ ఉంటుంది.

గోడపేల్చినవాడు
ఈ మాట విన్న ప్రతిసారీ నా రక్తం మరిగిపోతుంది. స్వల్ప తల గాయానికి స్పృహ తప్పాల్సిన పనే లేదు. తికమకపడడం, ఆ కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం చాలు. స్పృహ తప్పినా అరగంటలోపే అయితే అదీ స్వల్పం కిందికే వస్తుంది. 2020 జనవరి 8న ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరం మీద క్షిపణులు పడినప్పుడు ముందు ఎవరికీ ఏమీ కాలేదన్నారు. తర్వాత వంద మందికి పైగా అమెరికన్ సైనికులకు తల గాయం ఉన్నట్టు తేలింది. వాళ్లందరికీ "తల దిమ్ము అందరికీ ఉంటుంది" అనే చెబుతారా?

పరుగుఆపను
ఆ సంగతి నాకు తెలియదు. మీ బాధను తక్కువ చేసి మాట్లాడాను, తప్పే. పరుగు విషయంలో మాత్రం నా అనుభవం నాది.

చీకటిగది
వ్యాయామం ఎంత అని అడిగే భాగ్యమైనా మీకు దక్కింది. నన్ను 2009లో ఆరు వారాలు చీకటి గదిలో పడుకోబెట్టారు. పుస్తకం వద్దు, టీవీ వద్దు, నడక వద్దు. బయటికొచ్చేసరికి కాళ్లు సన్నబడ్డాయి, నిద్ర తలకిందులైంది, మనుషులంటే భయం పట్టుకుంది. దెబ్బ కన్నా ఆ ఆరు వారాలే నన్ను ఎక్కువ తినేశాయి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నిపుణులంతా కూర్చుని, పూర్తి విశ్రాంతి వద్దు, మొదటి 24 నుంచి 48 గంటలు తేలికగా ఉండి ఆపైన మెల్లగా కదలమని తేల్చారు. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

రాత్రికాపలా
నిద్ర అన్నారు కాబట్టి చెబుతున్నాను. నేను రెండేళ్లు నడిచినా మతిమరుపు రవ్వంత తగ్గలేదు. చివరికి నిద్ర పరీక్ష చేస్తే రాత్రంతా ఊపిరి ఆగి ఆగి వస్తోందని తేలింది. రాత్రిళ్లు గాలి పంపే మాస్కు పెట్టాక నెలకే తేడా తెలిసింది, అప్పుడే నడక ఒంటికి పట్టింది. గురక పెట్టేవాళ్లు ముందు అది చూపించుకోండి. ఇంకోటి: తలనొప్పి మాత్రలు నెలలో 15 రోజులు మింగుతుంటే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి, ట్రిప్టాన్ రకం (మైగ్రేన్ మాత్రలు) అయితే 10 రోజులకే. నాకు అదీ ఉండేది.

పరుగుఆపను
మతిమరుపు గురించి అడిగావు కదా తమ్ముడూ. వ్యాయామంతో మెదడు పెరుగుతుంది, ఇది నిరూపించారు. 2011లో 120 మంది పెద్దవాళ్లను తీసుకుని సగం మందిని ఏడాది నడిపిస్తే, జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోకాంపస్ 2 శాతం పెరిగింది. నడవనివాళ్లకు తగ్గింది.

ఫిజియోవాణి
ఆ 120 మందీ తల దెబ్బ లేని వృద్ధులు. ఇంకో సంగతి, వాళ్లు పరిగెత్తలేదు. వారానికి మూడు రోజులు 40 నిమిషాలు నడిచారు. మీరు చెప్పిన ఉదాహరణే మీ పళ్లు బిగబట్టే పద్ధతికి ఎదురు నిలబడుతోంది.

చీకటిగది
మరి మీరు చెప్పిన 103 మంది? 13 నుంచి 18 ఏళ్ల పిల్లలు, దెబ్బ తగిలి పది రోజులైనా కానివాళ్లు. మాది పదేళ్ల నాటి దెబ్బ. ఆ తేడా కూడా చెప్పండి మేడం.

ఫిజియోవాణి
న్యాయమైన మాట. ముందే రాయాల్సింది.

దూరపుదారి
మధ్యలో ఒక్క మాట. తల దెబ్బ ఉన్న మాజీ సైనికులకు మతిమరుపు జబ్బు రెట్టింపు వస్తుందని ఎక్కడో చదివాను. రాత్రి అదే తలలో తిరుగుతోంది.

లెక్కసరిచూడు
అది 2018లో బార్న్స్ బృందం వెలువరించిన పరిశోధన. దాదాపు మూడున్నర లక్షల మంది అమెరికన్ మాజీ సైనికుల రికార్డులు, సగం మందికి తల గాయం. రెట్టింపు నిజమే. కానీ అసలు అంకెలు చూడండి: సుమారు నాలుగేళ్లలో డిమెన్షియా గాయం లేనివాళ్లలో 2.6 శాతానికి, ఉన్నవాళ్లలో 6.1 శాతానికి. అంటే గాయం ఉన్న నూరు మందిలో 94 మందికి ఆ కాలంలో రాలేదు. వాళ్లలో పెద్ద గాయాలవాళ్లూ ఉన్నారు. ఈ లెక్క నేను మా అన్నయ్య కోసం ఎన్నోసార్లు చూశాను.

వారిభార్య
దూరపుదారి అన్నయ్య గారూ, నేను సైనికురాలిని కాదు, తల దెబ్బ తగిలినాయన భార్యను. మావారికి వాచ్ అంటే కోపం. మేం నోట్‌బుక్ పెట్టాం. నడకకు ముందు తల పదికి ఎంత, నడిచాక ఎంత, మర్నాడు పొద్దున ఎంత. మూడే అంకెలు, పెన్సిల్‌తో నేనే రాస్తాను. మొదటి రోజు 10 నిమిషాలు, నాతో మాట్లాడుతూ నడవగలిగేంత వేగం. మూడో అంకె మొదటిదానికన్నా రెండు పెరిగితే మర్నాడు రెండు నిమిషాలు తగ్గిస్తాం. పెరగకపోతే అవే నిమిషాలు ఇంకో మూడు రోజులు, ఆ తర్వాతే కాస్త పెంచుతాం. ఆయనకు బాగున్న రోజున "ఇవాళ ఇంకో రౌండ్" అంటారు. ఆ ఇంకో రౌండ్ ఒప్పుకోకుండా ఉండడమే నా పని. ఏడో నెలలో 35 నిమిషాలకు వచ్చాం. అన్నీ గుర్తొస్తున్నాయని చెప్పను. కానీ పోయిన వారం పాప స్కూల్ మీటింగ్ నేను గుర్తుచేయకుండా ఆయనే వెళ్లొచ్చారు.

మోడరేటర్
మందులు మార్చడం, ఆపడం గురించి ఎవరూ ఇక్కడ చెప్పొద్దు. నడుస్తుండగా ఛాతీ నొప్పి, మూర్ఛ, ఒకవైపు బలహీనత వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఈతగాడు
ఈత గురించి ఎవరూ అనలేదే? కుదుపు ఉండదు కదా. నాకు గాగుల్స్ పట్టీ తలకు బిగుసుకుంటేనే నొప్పి మొదలవుతోంది, దానికేమైనా ఉపాయం ఉందా?

దూరపుదారి
పది రోజులైంది. కదలని సైకిల్ మీద 12 నిమిషాలు చేస్తున్నాను. తల కుదపదు, తిరిగితే వెంటనే ఆగొచ్చు. చెల్లెమ్మ చెప్పినట్టు నోట్‌బుక్ పెట్టాను. నిన్న 2, 3, 2. ఇవాళ 2, 2, మూడోది రేపు పొద్దున రాస్తాను. కొండదిగువ గారూ, నాకూ మొన్న ప్రొప్రనలోలే రాశారు. మీరు వాచ్ బదులు ఏం చూసుకుంటున్నారు?

కొండదిగువ
మాట. పూర్తి వాక్యం ఆయాసపడకుండా పైకి చెప్పగలుగుతున్నానా అని చూసుకుంటాను. వాక్యం మధ్యలో తెగితే పెడల్ నెమ్మదిస్తాను. డాక్టరు గారికి కూడా చెప్పండి, మందు వేసుకునే సమయానికీ సైకిల్ సమయానికీ ఎంత ఎడం ఉండాలో నాకు ఆయనే చెప్పారు.