సిలంబమా, కలరిపయట్టా? చెన్నైలో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఏది ముందు?

వేళచేరి34:
వయసు 34, ఉండేది వేళచేరిలో. వారానికి మూడు పొద్దులు, గంట చొప్పున వీలవుతుంది. ఇంటి దగ్గర సాధనకు అపార్ట్‌మెంటు మేడ ఉంది. సిలంబం (తమిళనాడు కర్రసాము) నేర్పేవాళ్ళు, కలరిపయట్టు (కేరళ యుద్ధవిద్య) నేర్పేవాళ్ళు ఇద్దరూ దగ్గరలోనే ఉన్నారు. రెండింట్లోనూ కర్ర ఉంది, రెండింట్లోనూ అడుగులూ గెంతులూ ఉన్నాయి, బయట నిలబడి చూస్తే పెద్ద తేడా కనిపించడం లేదు. పోటీల ఉద్దేశం లేదు. కర్ర చేతికి రావాలి, ఒళ్ళు వంగాలి. గొంతుకూర్చుని లేచేటప్పుడు కుడి మోకాలు కాస్త పట్టేస్తుంది. తొమ్మిదేళ్ళ పాపను కూడా చేర్చాలని ఉంది. రెండూ కలిపి నేర్చుకోవచ్చా?

మూడుజేనలు:
కర్ర రెండింట్లోనూ ఉందండీ. అది మీ చేతికి ఎప్పుడొస్తుందన్నదే తేడా.

సిలంబంలో తొలి వారాల్లోనే వస్తుంది. ఒకపక్క కాలడి, అంటే అడుగుల వరుస, ఇంకోపక్క కర్ర తిప్పడం, రెండూ జంటగా నడుస్తాయి. కలరిలో, ముఖ్యంగా ఉత్తర కేరళ పద్ధతిలో, నాలుగు మెట్లున్నాయి. మొదట మెయ్‌తారి, అంటే ఒంటి సాధన. తర్వాత కోల్‌తారి, కర్రలు. ఆ తర్వాత అంకతారి, కత్తి డాలు వంటి లోహపు ఆయుధాలు. అన్నిటికీ చివర వెరుంకై, వట్టి చేతుల పోరు. ఒళ్ళు కుదిరిందని గురుక్కళ్‌కు, అంటే కలరి గురువుకు, నమ్మకం కలిగేదాకా కర్ర ఇవ్వరు. వారానికి మూడు గంటల లెక్కన దానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. ఆత్మరక్షణ కోసమని కలరిలో చేరి, మూడో నెలకే మానేసేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. వాళ్ళు అడిగేది నాలుగో మెట్టులో ఉంటుంది. వట్టి చేతుల పని ముందే కావాలంటే కలరిలోనే దక్షిణాది పద్ధతి, లేదా కన్యాకుమారి వైపు అడిమురై చూసుకోవాలి.

కర్ర వాడే తీరు కూడా వేరు. సిలంబంలో మనిషంత కర్ర, దూరమే రక్షణ. మణికట్టు మీద కర్ర గుండ్రంగా తిరుగుతూ ఎదుటివాణ్ణి లోపలికి రానివ్వదు. కలరిలో కెట్టుకారి అనే పొడుగు కర్ర ఉంది, ముచ్చాణ్ అనే పొట్టి కర్ర కూడా ఉంది. ముచ్చాణ్ అంటే మూడు జేనలే. ఆ పొట్టి కర్రతో దగ్గరికొచ్చి, గురువు పలికే వాయ్‌తారికి, అంటే నోటి ఆదేశాలకు, తగ్గట్టు ఇద్దరు వరుసగా దెబ్బకు దెబ్బ కలుపుతారు. వాయ్‌తారి మలయాళంలో ఉంటుందని భయపడకండి. వలత్తు అంటే కుడి, ఇడత్తు అంటే ఎడమ. మన రైతులు కుడివైపు కట్టేదాన్ని వలపటెద్దు అంటారు కదా, ఆ మాట తెలిసినవాళ్ళకు వలత్తు ఒక్కరోజులో పట్టుబడుతుంది.

రెండూ కలిపి మాత్రం వద్దు, కనీసం మొదటి ఏడాది. సిలంబం నిటారుగా నిలబడి తేలిగ్గా అడుగు మార్చమంటుంది. కలరి తుంటి దించి నేలకు దగ్గరగా కదలమంటుంది. ఏ ఒక్కటీ కాళ్ళలో కుదరకముందే కలిపితే, కర్ర తిరిగే వేగానికి అడుగు ఆలస్యమై కర్ర మీ పిక్కకే తగులుతుంది.

కర్ర చేతికి రావాలన్నది మీరు ముందు రాసిన కోరిక. కాబట్టి నా ఓటు సిలంబానికి.

పిరంబు:
పైన చెప్పినదానితో ఏకీభవిస్తాను. మేడ సంగతి, కర్ర సంగతి మాత్రం వివరంగా చెప్పాలి.

కర్ర పొడవు నేలనుంచి మీ కనుబొమల మధ్య దాకా. మీరు 5 అడుగుల 8 అంగుళాలు ఉంటే అది సుమారు 5 అడుగుల 4 అంగుళాలు. మూడో వంతు దగ్గర పట్టుకుంటే బయటికి మూడున్నర అడుగులు మిగులుతుంది, దానికి చేయి రెండడుగులు కలపండి. అంటే మీరు మధ్యలో నిలబడితే, ఈ చివరనుంచి ఆ చివరకు 11 అడుగుల వలయం ఖాళీగా ఉండాలి. పిట్టగోడకు ఇంకో 10 అడుగులు దూరం ఉంచండి, చెమట చేతిలోంచి జారిన కర్ర గోడ దాటి వీధిలో పడుతుంది. బట్టల తీగలు, కేబుళ్ళు ముందే చూసుకోండి. వేసవిలో ఎండ రాకముందే ముగించండి. తెల్ల టైల్స్ వేసిన మేడ తడిగా ఉంటే ఆరోజు కర్ర ముట్టకండి, మడమ మీద తిరిగేటప్పుడు కాలు జారిపోతుంది. బెసంట్ నగర్ బీచ్‌కి వెళ్తే పొడి ఇసుక వద్దు, పాదం కూరుకుపోయి మోకాలు ఒక్కటే మెలి తిరుగుతుంది. నీటి అంచున గట్టిపడిన ఇసుక మంచిది.

మొదటి కర్రగా వెదురు కన్నా పిరంబు, అంటే బెత్తం మేలు. వెదురు నిలువుగా చీలుతుంది, ఆ పేడు అరచేతిలో దిగుతుంది. బెత్తం నార నారగా విడుస్తుంది తప్ప విరిగి గుచ్చుకోదు. పెద్దవాళ్ళకు అంగుళం లావు, పాపకు ముప్పావు అంగుళం చాలు. కొనేటప్పుడు నేలమీద దొర్లించి చూడండి, వంకరైతే ఎగురుతూ దొర్లుతుంది. కణుపులు నున్నగా అరగదీసి ఉండాలి. నేలకు తట్టినప్పుడు బొంగురు చప్పుడొస్తే లోపల పగులుంది, వదిలేయండి. ఇంట్లో గోడకు ఏటవాలుగా ఆనించి పెడితే కొన్ని వారాల్లో వంగుతుంది, పడుకోబెట్టి ఉంచండి. నెలకోసారి నూనె పలచగా రాసి పూర్తిగా తుడవండి, జిడ్డు మిగిలితే పట్టు జారుతుంది.

అందరూ చేసే తప్పు బిగబట్టడం. కర్ర తిరిగేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు పట్టుకుంటాయి, మిగతా మూడు వేళ్ళు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి. పిడికిలి బిగిస్తే ఆ దెబ్బంతా మోచేతి బయటి వైపు పడుతుంది. రెండు వారాల్లో అక్కడ నొప్పి మొదలైతే కర్ర బరువెక్కువైనా అయ్యుండాలి, పట్టు బిగువైనా అయ్యుండాలి. రోజుకు ముందుకు 50, వెనక్కి 50, కుడి చేత్తో, అంతే లెక్క ఎడమ చేత్తో. ఎడమ చేయి వెనకబడితే లెక్క దానికే పెంచండి. వేగం ఎప్పుడు పెంచాలంటే, కర్ర గాలిలో చేసే చప్పుడు ప్రతి చుట్టుకూ ఒకేలా వినిపించినప్పుడు.

వేళచేరి34:
మోకాలి సంగతి? పాపకు కూడా సిలంబమేనా?

మూడుజేనలు:
మోకాలు వాచినా, మడిచినచోటే బిగుసుకుపోయినా ముందు ఎముకల డాక్టరుకు చూపించండి. వట్టి పట్టేయడమే అయితే సిలంబంలో లోతుగా కూర్చునే అవసరం తక్కువ. తిరిగేటప్పుడు పాదం ముందు తిరగాలి, మోకాలు దాని వెంట రావాలి. పాదం నేలకు అంటుకుని ఒళ్ళు తిరిగితేనే ప్రమాదం. కలరిలోనైతే అశ్వ, వరాహ వడివుల్లో, అంటే గుర్రం, పంది భంగిమల్లో, మోకాలు బాగా వంగుతుంది. మోకాలు కాలివేళ్ళ వైపు కాకుండా లోపలికి వాలినా, కూర్చోవడం కూలబడినట్టు ఉన్నా నొప్పి పెరుగుతుంది. సగం లోతుకే కూర్చోనివ్వమని గురువుకు మొదటిరోజే చెప్పాలి.

పాప విషయంలో నా మాట వేరు, తనకు కలరి బాగుంటుంది. తొమ్మిదేళ్ళకు ఒళ్ళు ఇంకా లేతగా ఉంటుంది, నేర్‌కాల్ తన్ను, అంటే కాలు నిటారుగా పైకి విసిరే తన్ను, తల ఎత్తుకు తేవడానికి పెద్దవాళ్ళకు పట్టే కాలంలో పిల్లలకు చాలా కొద్దే పడుతుంది. 2017లో పద్మశ్రీ అందుకున్న కలరి గురువు, వడకర మీనాక్షి అమ్మ మొదలుపెట్టింది ఏడేళ్ళకే. తర్వాత పోటీలకు వెళ్తానన్నా దారి ఉంది. 2022 జూన్‌లో పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో కలరి ఉంది. 2024 జనవరిలో తమిళనాడులో జరిగినప్పుడు సిలంబం ప్రదర్శన క్రీడగా ఉంది.

పిరంబు:
పాప సిలంబమే అంటే ఆపకండి. ఏ విద్య అయినా సరే, డబ్బు కట్టేముందు ఒక తరగతి కూర్చుని చూడండి. పిల్లల మధ్య కర్ర పొడవుకు రెండింతల ఎడం ఉందా? జంటగా కొట్టుకునే సాధనలో తలకు రక్షణ పెడుతున్నారా? కర్ర చేజారినప్పుడు అందరూ ఒక్కసారి ఆగుతున్నారా, లేక మిగతావాళ్ళు తిప్పుతూనే ఉన్నారా? మూడోది తప్పితే పాపను అక్కడ చేర్చకండి.