ఆదివాసీ మహిళల వాటా గురించి మన సభలో తీర్మానం చేయవచ్చా?

ప్రశ్న (విజయవాడ నుంచి):
మార్చి 8న విజయవాడలో జరిపే మహిళా సభకు పోలవరం ముంపు మండలాల కోయ, కొండరెడ్డి మహిళలను పిలుస్తున్నాం. ఆదివాసీ ఆడపిల్లలకూ తండ్రి భూమిలో సమాన వాటా ఉండాలని నేను తీర్మానం రాశాను. కూతురు గిరిజనేతరుణ్ణి పెళ్లాడితే ఆ భూమి తెగ చేతిలోంచి జారిపోతుందని ఒక కోయ పెద్దాయన ఫోనులో ఎంతో బాధపడ్డారు. ఆయన భయాన్ని కొట్టిపారేయలేను, ఆడపిల్లల వాటానూ వదులుకోలేను. ఏం చేయమంటారు?

జవాబు (గుంటూరు, న్యాయవాది):
అమ్మా, 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు కనుక, 2005లో ఆడపిల్లలకు వచ్చిన సమాన వాటా వారికి ఆ చట్టం ద్వారా అందలేదు. అయితే 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవారికి వాటా లేదనే ఆచారాన్ని ఎవరూ రుజువు చేయలేదు కాబట్టి, కూతురి వారసులకూ సమాన వాటా ఉందని తీర్పు చెప్పింది. ఇక పెద్దాయన భయానికి, ఏజెన్సీ (షెడ్యూల్డ్ ప్రాంతాల) భూముల బదిలీని కట్టడి చేసే 1/70 చట్టంలో జవాబు ఉంది: ఏజెన్సీ భూమిని గిరిజనేతరుడికి రాసి ఇవ్వడం చెల్లదు, అతడు సొంత భర్త అయినా సరే. కానీ భార్యను బినామీగా పెట్టుకొని భూమిని అనుభవించే గిరిజనేతరులు ఉన్న మాట నిజం, ఆ సంగతి తీర్మానంలో దాచకండి.

జవాబు (కుక్కునూరు వైపు నుంచి, ఇప్పుడు పునరావాస కాలనీలో):
అక్కా, నేను కోయ ఇంటి ఆడపిల్లను. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. మా ఇంట్లోని కాగితం మీద నాన్న ఫొటో అతికించి ఉంది, పక్కన అమ్మ ఫొటోకు గీసిన గడి ఖాళీగా ఉంది. పోడు కొట్టింది, విత్తనం దాచింది, గట్టు మీద ఇప్పచెట్టు నరకనివ్వనిది అమ్మే. 2013 భూసేకరణ చట్టం వితంతువులనూ, కుటుంబం వదిలేసిన ఆడవారినీ వేరే కుటుంబంగా లెక్కించమంటుంది, అది కూడా మా కాలనీలో చాలామందికి తెలియదు. వాటా మాకూ కావాలి, కానీ నీటిపాలయ్యే భూమిలో వాటా ఏం చేసుకోను? రెండూ కలిపి అడగండి, మా ఊరి గ్రామసభను అడిగి రాయండి.

ప్రశ్న వేసినవారు:
తీర్మానం పక్కన పెట్టాను, చెల్లీ. ఆదివారం మీ కాలనీకి వస్తాం. మీ అమ్మగారు కోయలో చెబితే మీరు తెలుగులో చెప్పండి, అక్కడే కూర్చుని రాసుకుంటాం.